కురుమిదాని అట్ట మీద నాలుగో ముద్ర

గురువారం బస్సు నడిపేది నేనే. మిగతా ఆరు రోజులూ ఈ లోయకు బస్సు లేదు. కింద బజారు ఊళ్ళో బయలుదేరి, ఏటి వెంబడి గంటంబావు పైకెక్కితే కురుమిదాని వస్తుంది. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. పాత అక్రోటు చెట్టు కింద బస్సు తిప్పి, నలభై నిమిషాలు ముగితాని గారి వసారాలో టీ తాగి, ఎవరున్నారో వాళ్ళను ఎక్కించుకుని దిగుతాను. ఎవరున్నారు అంటే, ఉన్నవే నాలుగిళ్ళు. ఒకటి ఊరి సంఘం పెద్ద ముగితాని గెంజోది. రెండోది టీచర్ల ఇల్లు. మూడోది ఇనోహారా వాళ్ళది. నాలుగోది కొనాకా తొమె బామ్మది. నేను చెప్పబోయేది ఆ రెండో ఇంట్లో మనిషి గురించి.

ఆమె పేరు మెర్లిండా తబుగాన్. ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో నుంచి ముప్ఫై ఏళ్ళ వయసులో వచ్చింది. ఇప్పుడు నలభై ఒకటి. మా నోళ్ళకు అంత పొడుగు పేరు పట్టక మెరు టీచర్ అయింది. ఇంగ్లిషు చెప్పేది. మూడు బడులు, మూడు కొండలు, ఒక పాత చిన్న కారు. ఆమెను బడి పెట్టుకోలేదు, ఊరి ఆఫీసూ పెట్టుకోలేదు. నీళ్ళ మోటార్లు అద్దెకిచ్చినట్టు టీచర్లను అద్దెకిచ్చే కంపెనీ ఒకటి పట్నంలో ఉంది, అది పంపింది. ఒప్పందం కాగితం ఏడాదికి ఒకసారి, మార్చి దాకా. ఏప్రిల్లో మళ్ళీ కొత్త టీచర్‌గా చేరేది. ఆ లెక్కన పదకొండు సార్లు కొత్త టీచరైంది. ఆమె దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు.

"నా ఉద్యోగం ఏమిటో తెలుసా షిగే గారూ," అని ఒకసారి నాతో అంది. "టేపు రికార్డరుకు కాళ్ళు మొలిస్తే నేను. 'మెరు టీచర్, చదవండి' అంటారు. చదువుతాను. 'ఇంకోసారి' అంటారు. ఇంకోసారి చదువుతాను. తర్వాత నన్ను గోడ పక్కన నిలబెడతారు."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. నేనూ పాతికేళ్ళు బస్సు కార్మికుల సంఘంలో తిరిగినవాణ్ణి. పని చేయించుకుంటూ, మనిషిని మాత్రం లెక్కలోకి రానివ్వకపోవడం ఎలాంటి విద్యో నాకు తెలుసు.

ఆదివారాలు ఆమె తిరగడానికి పోయేది. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్న నేను తీగల వంతెన అవతలికి రెండుసార్లు దాటి ఉంటాను. ఆమె నాలుగు కాలాల్లోనూ దాటింది. జలపాతం వెనక గుహ, మంచు కాలంలో మూసేసే గుడి, పోయిన పసిబిడ్డల కోసం నిలిపి, ఎర్ర గుడ్డలు మెడకు కట్టిన రాతి పసిబొమ్మల దారి, అన్నీ చూసింది. ఆ బొమ్మల ఎర్ర గుడ్డలు ఏటేటా తొమె బామ్మే కుడుతుంది. బామ్మ కళ్ళు మసకబారాక సూదిలో దారం ఎక్కించే పని మెరు టీచరుది.

ఇక అట్ట సంగతి. పరీక్ష రాసే పిల్లల చేతుల్లో ఉండేలాంటి క్లిప్పు అట్ట. ఊరి ఆఫీసు పంపిన కాగితాలన్నీ దానికే తగిలించి ఉంటాయి: మంచు ఎత్తే రోజులు, ఎలుగుబంటి కనబడిన చోటు, టీకాల తేదీ. సంఘం పెద్ద చదివి, సంతకానికి బదులు తన ఇంటి ముద్ర వేసి పక్కింటి గుమ్మంలో పెడతాడు. ఆ ఇంటివాళ్ళు ముద్ర వేసి ఆ పక్కింట్లో పెడతారు. చుట్టు తిరిగి మళ్ళీ పెద్ద ఇంటికి వస్తుంది. అట్ట ఎక్కడైనా రెండ్రోజులు ఆగిందంటే ఆ ఇంట్లో ఏదో అయిందని అర్థం. వెళ్ళి తలుపు కొడతారు. ముగితాని గారి అన్న చనిపోయిన సంగతి అలాగే తెలిసింది.

కురుమిదాని ముద్రలన్నీ చెక్కింది ఇనోహారా కిసబురో. కొయ్య గిన్నెలు తిప్పే మనిషి. అక్రోటు కర్ర ముక్క తీసుకుని, అద్దాల మీద అద్దాలు పెట్టుకుని, అక్షరానికో రోజు చెక్కేవాడు. ఆయన చెక్కితే అక్షరం చివర చిన్న పిట్ట తోకలా పైకి లేచేది, అదే గుర్తు. మెరు టీచరుకు ముద్ర లేదు. అట్ట మీద తన వంతు గడిలో పెన్నుతో పేరు రాసి చుట్టూ సున్న చుట్టేది.

కిసబురో చూసి మొహం చిట్లించాడట.

"ఇదేమిటి టీచరమ్మా, కోడిగుడ్డు పెట్టావు?"

"నాకు ముద్ర లేదు కదండీ."

"ఉండు, నేను చెక్కిపెడతాను. నీ పేరుకు రెండక్షరాలే కదా. రెండ్రోజుల పని."

ఆ చలికాలంలోనే పోయాడు. ఆమె వచ్చిన రెండో ఏడు అది. ఆయన భార్య సుమియె ఒక్కతే మూడేళ్ళుంది. తర్వాత కూతురు వచ్చి సముద్రం పక్క పట్నంలో వృద్ధుల భవనంలో పెట్టింది. వెళ్ళే రోజు సుమియె నా బస్సులోనే వెళ్ళింది. ఎక్కే ముందు తొమె బామ్మ చేతులు పట్టుకుని, "తలుపులు తీస్తూ ఉండవే. గాలి తగలకపోతే ఇల్లు రెండేళ్ళలో కుళ్ళిపోతుంది" అంది. రెండేళ్ళ కిందట, సంవత్సరాది ముందు, నల్ల అంచు కార్డు వచ్చింది. మా ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఈసారి శుభాకాంక్షలు పంపలేం అని కూతురు రాసింది. అలా తెలిసింది.

కాని అట్ట వరస ఎవరూ మార్చలేదు. మా దగ్గర ఒక పట్టిక ఒకసారి రాశారంటే అంతే, దాన్ని దిద్దడానికి మీటింగు పెట్టాలి, మీటింగుకు ఎవరు పిలవాలో తేలదు. కాబట్టి మెరు టీచరు అట్టను ఇనోహారా వాళ్ళ వసారాలోనే పెడుతూ వచ్చింది. మర్నాటికి అది తొమె బామ్మ గుమ్మంలో ఉండేది, ఇనోహారా గడిలో ఎర్రగా ముద్రతో సహా. బామ్మ పొద్దున్నే పోయి, వసారాకు వాన కొట్టకుండా అడ్డంగా తోసే ఆ చెక్క వానతలుపులు తీస్తుంది కదా, ఆమే వేస్తోంది కాబోలు అనుకుంది మెరు టీచరు. అనుకోవడంలో తప్పు లేదు. నేనూ అదే అనుకున్నాను.

పోయిన అక్టోబరులో ఊరి ఆఫీసు టూరిజం విభాగం వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. మూతబడుతున్న పల్లెల్ని విదేశీయులకు నడిచి చూపించాలట. కరపత్రానికి 'నిశ్శబ్దంలోకి ఒక నడక' అని పేరు పెట్టారు. బస్సు పెంచమంటే డబ్బుల్లేవు, వైద్యుణ్ణి వేయమంటే మనుషుల్లేరు. మనుషుల్లేకపోవడాన్ని చూపించడానికి మాత్రం రంగుల కాగితం దొరికింది. ఇంగ్లిషు వచ్చు కాబట్టి మెరు టీచర్ని ముందు నడవమన్నారు. కూలి లేదు, కృతజ్ఞత మాత్రం ఉంది.

మొదటి జట్టులో తొమ్మిదిమంది వచ్చారు. ఊరంతా తిరిగి, ఫోటోలు తీసుకుని నా బస్సెక్కారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒకావిడ కిటికీ పక్కన కూచుని మెరు టీచరుతో ఏదో అంది. టీచరు ముఖం మారింది. అద్దంలో చూశాను.

"ఏమిటంట?" అన్నాను.

"ఈ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళో అంటోంది. చెట్టు కింది ఇంటావిడ వసారాలోంచి చెయ్యి ఊపిందట."

"ఏ చెట్టు?"

"అక్రోటు చెట్టు."

అక్రోటు చెట్టు కింద ఉన్నది ఇనోహారా వాళ్ళ ఇల్లు. ఫోన్లో ఫోటో చూపించింది ఆవిడ. వానతలుపులు తీసి ఉన్నాయి, వసారా ఎండలో మెరుస్తోంది, మనిషి మాత్రం లేదు. "నేను తీసేలోపు లోపలికి వెళ్ళిపోయింది" అందట. తొమె బామ్మ అయి ఉంటుందని టీచరు సర్దిచెప్పుకుంది. అప్పుడు తొమె బామ్మ బస్సులో, నా వెనక సీట్లోనే, వైద్యుడి దగ్గరికి పోవడానికి సంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది. నడక జనం ఊరు తిరుగుతున్నంతసేపూ ఆమె ముగితాని గారి వసారాలో నా ఎదురుగానే టీ తాగింది. ఆ మాట నేను అప్పుడు పైకి అనలేదు.

నవంబరులో బామ్మ కంటి ఆపరేషనుకు తొమ్మిది రోజులు కింద ఆసుపత్రిలో ఉంది. పోతూ, "తలుపుల సంగతి చూడవే పిల్లా" అని మెరు టీచరుకు అప్పగించింది. టీచరు రోజూ బడికి పోయే ముందు ఆరింటికి వెళ్ళి వానతలుపులు ఒక్కొక్కటే తోసి, సాయంత్రం ఐదింటికి ఊరి స్తంభం మీది మైకులో రోజూ వేసే పాట మోగగానే మూసేది. ఇల్లు శుభ్రంగానే ఉందట. చాపలు కుళ్ళలేదు. గుమ్మం పక్క చెప్పుల అలమరా మీద సొరుగులో ముద్ర ఉంటుందని అందరికీ తెలుసు. ఆమె తీసి చూసింది. ముద్ర ఉంది. పక్కన ఎర్ర సిరా డబ్బా ఎండి రాయిలా ఉంది. గోరుతో గీకితే పొడి రాలింది. సొరుగు నిండా దుమ్ము. ముద్ర మీద కూడా దుమ్మే.

మూడోరోజు దూరపు బడి. ఐదింటికే కారు తీయాల్సి వచ్చి, తలుపులు తీయడానికి వీలు చిక్కలేదు. అట్ట మాత్రం అలవాటుగా ఆ వసారాలో పెట్టి పోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి వానతలుపులు అన్నీ తీసి ఉన్నాయి. అట్ట బామ్మ ఇంటి గుమ్మంలో ఉంది. బామ్మ ఇల్లు తాళం. ఇనోహారా గడిలో ముద్ర మీద వేలు పెట్టి చూసింది. వేలికి ఎరుపు అంటింది.

తిన్నగా ముగితాని గారింటికి పోయింది. ఆయన నడుం నొప్పితో మూడు రోజులుగా దుప్పటి కప్పిన కుంపటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని పడుకున్నాడు.

"పెద్దాయనా, ఇవాళ మీరు ఇనోహారా వాళ్ళింటికి వెళ్ళారా?"

"పాయిఖానాకు పోవడానికే మా గోడల్ని బతిమాలుకుంటున్నాను టీచరమ్మా. ఇనోహారా వాళ్ళింటికి ఎక్కడ పోతాను?"

"మరి ముద్ర ఎవరు వేశారు?"

ముగితాని గారు కళ్ళు మూసుకునే, "ఎప్పుడూ వేసేవాళ్ళే వేసుంటారు" అన్నాడు.

బామ్మను ఆసుపత్రి నుంచి గురువారం నేనే తీసుకొచ్చాను. మెరు టీచరు సెలవు పెట్టి తోడు వచ్చింది. బస్సులో మేం ముగ్గురమే. ఏటి మలుపు దగ్గర టీచరు ఉండబట్టలేక అడిగేసింది.

"బామ్మా, కోప్పడకు. ఆ ముద్ర నువ్వు వేయడం లేదా?"

బామ్మ కంటికి కట్టు. మొహం ఎటు తిప్పాలో తెలియనట్టు తిప్పింది.

"ఏ ముద్ర?"

"ఇనోహారా వాళ్ళది. అట్ట మీద."

"నాకు చదవడానికే కళ్ళు ఆనవు, పక్కవాళ్ళ ముద్ర నేనెందుకు వేస్తానే? తలుపులు తీస్తాను, అంతే. మాటిచ్చాను కదా. ముద్ర నువ్వు వేస్తున్నావనుకున్నాను."

"నేనా?"

"దేశం కాని దేశం పిల్ల, ఎంత ఒద్దికగా చూసుకుంటోందో అని అనుకునేదాన్ని. నువ్వు కాదా?"

బామ్మ సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని, "ఒరే షిగే, కాస్త నెమ్మదిగా పోనీరా" అంది. నేను నెమ్మదిగానే పోతున్నాను.

జనవరిలో అసలు గొడవ వచ్చింది. అట్టకు కొత్త కాగితం తగిలించారు. నాలుగిళ్ళ కంటే తక్కువ ఉన్న సంఘాలను రద్దు చేస్తారట. సంఘం పోతే మైకు స్తంభం పోతుంది, మంచు ఎత్తే బండి పోతుంది, గురువారం బస్సు పోతుంది. ప్రతి ఇల్లూ ముద్ర వేసి పంపాలి. ఆఫీసులో మనుషుల రిజిస్టరు ఒక గదిలో, ఊరి సంఘాల కాగితాలు ఇంకో గదిలో ఉంటాయి. ఆ రెండు గదులూ ఎప్పుడూ మాట్లాడుకోవు. సంఘాల గదివాళ్ళు లెక్కపెట్టేది ముద్రల్ని.

బస్సు పోతే బామ్మ పోవాల్సిందే. గుండె మందులు, కంటి మందులు, బియ్యం, అన్నీ గురువారమే. ఆఫీసువాళ్ళు ఇదివరకే ఒకసారి వచ్చి, వృద్ధుల భవనం ఫోటోలు చూపించి పోయారు.

"చాలా బాగుంది," అంది బామ్మ వాళ్ళతో. "గోడలు తెల్లగా ఉన్నాయి. సుమియె కూడా అలాంటిదాంట్లోనే ఉండేది. నాలుగేళ్ళలో గోడంత తెల్లబడి పోయింది. నేను పోను నాయనా. పొమ్మంటే ఈ బస్సు కింద పడుకుంటాను, షిగే నా మీంచి ఎక్కిస్తాడు."

"నేనెందుకు ఎక్కిస్తాను?" అన్నాను.

"నీకు టైము ముఖ్యం కదరా."

కాగితం తిరిగింది. ముగితాని గారు ముద్ర వేశాడు. టీచరు పేరు రాసి సున్న చుట్టింది. ఇనోహారా గడిలో ముద్ర పడింది. ఎవరు వేశారని ఈసారి ఎవరూ అడగలేదు. చివరి గడిలో బామ్మ తన ముద్ర వేసింది. ఆ గురువారం ఆఫీసు నుంచి కజిహరా అనే కుర్ర గుమాస్తా నా బస్సులోనే వచ్చి, ముగితాని గారి వసారాలో కూచుని కాగితం చూశాడు. మేం ఐదుగురం ఉన్నాం.

"మూడే ఉన్నాయండీ," అన్నాడు.

ఇనోహారా సంగతి తెలిసిపోయిందని అందరం టీ గ్లాసుల్లోకి చూసుకున్నాం. కాని అతను వేలు పెట్టింది రెండో గడి మీద.

"ఇది ముద్ర కాదు కదండీ. అసలు ఈ ఇల్లు మా కాగితాల్లో ఖాళీ అని ఉంది."

"ఖాళీనా?" అంది మెరు టీచరు.

"టీచర్ల ఇల్లు, ఖాళీ. పదిహేనేళ్ళుగా అలాగే ఉంది."

"నేను పదకొండేళ్ళుగా ఉంటున్నాను."

"మీరు కంపెనీ మనిషి కదా మేడమ్. తాత్కాలికం. కాపురం కింద రాదు." అతను మంచివాడే, చెవులు ఎర్రబడ్డాయి. "కాగితం మీద సంగతి చెబుతున్నానంతే. మీరు ఉన్నారని నాకూ కనబడుతోంది."

"కనబడుతున్నానా?" అంది ఆమె. వెటకారంగా కాదు, నిజంగా అడిగినట్టు అడిగింది. వసారా అంచున మంచు మీద పడిన తన నీడను ఒకసారి చూసుకుంది. చచ్చిపోయినవాళ్ళ ఇంట్లో కాపురం ఉంది. బతికి ఉన్న మనిషి ఇల్లు ఖాళీ. పదకొండేళ్ళు అట్ట చుట్టూ తిరిగి, ఏటా గడ్డి కోసి, గుడి మెట్లు తుడిచి, ముసలివాళ్ళ మందులు మోసి, ఆమె మా కాగితంలో దెయ్యం పాటి కూడా కాలేదు. ఇందులో ఆఫీసుదెంత తప్పో ఈ వసారాలో కూచున్న మాదీ అంతే. పట్టికలో 'టీచర్ల ఇల్లు' అన్నచోట ఆమె పేరు రాద్దామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"వచ్చే గురువారం దాకా సమయం ఇస్తాను," అన్నాడు కజిహరా. "ఆ గడిలో సరైన ముద్ర పడితే నాలుగు. మిగతావి నేను అడగను." మూడో గడి వైపు చూడకుండా కాగితం మళ్ళీ అట్టకు తగిలించాడు.

ముద్ర చేయించుకోవడం పెద్ద పని కాదు, బజారు ఊళ్ళో దుకాణం ఉంది. చిక్కు వేరే చోట ఉంది. ఆమె నియమం ప్రకారం కంపెనీకి ఫోన్ చేసింది. అటుపక్క మనిషి చాలా మర్యాదగా చెప్పాడట. ఇల్లు బసగా ఇచ్చాం, కాపురంగా కాదు. ఊరి సంఘాల కాగితాల మీద సంతకాలు, ముద్రలు వేయడం ఒప్పందానికి విరుద్ధం. వేస్తే మార్చిలో కొత్త కాగితం గురించి తామేమీ చెప్పలేమని. వేయకపోతే చెప్పగలరా అని ఆమె అడగలేదు. పదకొండు మార్చిల అలవాటు.

ఆ ఆదివారం ఆమె ఎక్కడికీ పోలేదు. బామ్మ దగ్గర కూచుని సూదిలో దారం ఎక్కించింది. బామ్మ చూపు మెరుగైంది, తనే ఎక్కించుకోగలదు. అయినా సూది ఇచ్చింది.

"నా కోసం ఏ పిచ్చిపనీ చేయకు," అంది బామ్మ గుడ్డ మీంచి తల ఎత్తకుండా. "నాకు ఎనభై ఆరు. నీకింకా చాలా ఉంది. తెల్లగోడలు అంత చెడ్డవేం కావులే."

"బస్సు కింద పడుకుంటానన్నావు కదా."

"మంచులో పడుకుంటే జలుబు చేస్తుందే."

బుధవారం సాయంత్రం ముగితాని గారు అట్ట తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి పోయాడు. ఐదింటి మైకు పాట మోగింది. ఆమె ఇనోహారా వాళ్ళ తలుపులు ఆ రోజు తనే మూసి వచ్చి, అట్టను చూసి, ముట్టుకోకుండా లోపలికి పోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి అట్ట ఆమె గుమ్మంలో ఆగింది. పెట్టె తీసి బట్టలు మడతపెట్టడం మొదలెట్టానని తర్వాత నాతో చెప్పింది. బామ్మ వెళ్ళిపోయాక ఈ ఊళ్ళో ఉండలేను, ఉంటూ ఆ తలుపులు చూడలేను అనిపించిందట.

తెల్లవారి ఆరున్నరకు తలుపు తీసింది. అట్ట పెట్టినచోటే ఉంది. పక్కన, దాని తాడుకు కట్టి, చిటికెన వేలంత కర్ర ముక్క ఉంది. అక్రోటు కర్ర. కింద రెండక్షరాలు తిరగేసి చెక్కి ఉన్నాయి: మెరు. రెండో అక్షరం చివర పిట్ట తోకలా పైకి లేచింది. వాసన చూస్తే పచ్చి కర్ర వాసన. చెక్కుడు సందుల్లో నుసి ఇంకా ఉంది, ఊదితే లేచింది.

ఆమె అరవలేదు. చెప్పులేసుకుని ముగితాని గారింటికి, అక్కడి నుంచి బామ్మ ఇంటికి పోయి, కర్ర ముక్క చూపించింది. ముగితాని గారు వేళ్ళు చాపాడు. పదేళ్ళుగా కీళ్ళ జబ్బు, ఆ వేళ్ళతో గ్లాసు పట్టడమే కష్టం. బామ్మ ముద్రను కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "రెండ్రోజుల పని అన్నాడు. తొమ్మిదేళ్ళు చేశాడు, బద్ధకస్థుడు" అంది.

నేను బస్సు తిప్పేసరికి అందరూ అక్రోటు చెట్టు కింద ఉన్నారు. కజిహరా దిగాడు. ఇనోహారా వాళ్ళ వానతలుపులు తీసి ఉన్నాయి. ఎవరు తీశారని నేను అడిగితే మెరు టీచరు తల అడ్డంగా ఊపింది. వసారా అంచున, ఎండ పడుతున్నచోట, ఉంగరాలు తిరిగిన చెక్క పొట్టు చిన్న కుప్పగా ఉంది. గాలికి ఒక పాయ దొర్లి మంచులో పడింది.

ఆమె కజిహరా సిరా డబ్బా అడిగి తీసుకుంది. అందరం చూస్తుండగా, రెండో గడిలో, తన పెన్ను సున్న పక్కన, ముద్రను నిలబెట్టి బరువంతా వేసి నొక్కింది.

"కంపెనీ ఏమంటుంది?" అని నేను గొణిగాను.

"ఖాళీ ఇంట్లో మనిషిని ఎలా తీసేస్తారు షిగే గారూ? ముందు నేను ఉన్నానని ఒప్పుకోవాలి కదా."

కజిహరా నాలుగు ముద్రల్నీ వరసగా చూశాడు. తల వంచి ఇంకా దగ్గరగా చూశాడు.

"ఇవన్నీ ఒక్కరే చెక్కారా?"

"అవును. ఇనోహారా," అన్నాడు ముగితాని గారు.

"ఇప్పుడు వేసిన ఈ నాలుగోది కూడానా? ఎప్పుడు?"

అతను తెరిచిన తలుపుల వైపు చూశాడు, చెక్క పొట్టు వైపు చూశాడు. పద్ధతి ప్రకారం లోపలికి పోయి పిలిచి రావాలి. గుమ్మం దాకా పోయి, "ఎవరండీ ఇంట్లో" అన్నాడు. లోపల చాప మీద ఎవరో సర్దుకుని కూచున్నట్టు చిన్న చప్పుడైంది. అది నేను విన్నాను. అతను విన్నాడో లేదో తెలియదు. వెనక్కి తిరిగి, మర్యాదగా నడుం వంచి, "కురుమిదాని, నాలుగిళ్ళు" అని రాసుకుని వచ్చి బస్సెక్కాడు.

మార్చిలో కంపెనీ ఆమెకు కొత్త కాగితం ఇవ్వలేదు. కారణం రాయలేదు. ఆమె ఇల్లు ఖాళీ చేయలేదు. ఇల్లు కంపెనీది కాదు, ఊరిది. ఊరి కాగితంలో ఇప్పుడు అక్కడ ఒక కాపురం ఉంది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండే కాగితం ఆమెకు రెండేళ్ళ కిందటే వచ్చింది. పట్నంలో అద్దె టీచర్ల సంఘం ఒకటి ఉంటే నేనే ఆమెను తీసుకెళ్ళాను. ఆమెలాంటివాళ్ళు ఆ గదిలో నలభైమంది ఉన్నారు, ఒక్కొక్కరూ పదేళ్ళ కొత్త టీచర్లు. కేసు నడుస్తోంది. ఈలోగా బడి వంటగదిలో కూరలు తరుగుతోంది. పిల్లలు మాత్రం టీచర్ అనే పిలుస్తున్నారు. నిశ్శబ్దంలోకి నడక ఆగిపోయింది. ముందు నడవడానికి ఎవరూ దొరకలేదట.

బస్సు ఉంది. గురువారం బామ్మ ముందు సీట్లో కూచుని నా డ్రైవింగు మీద వ్యాఖ్యానం చేస్తుంది. అట్ట తిరుగుతోంది. పొద్దున్నే ఆ వానతలుపులు తీయడానికి ఇప్పుడు మెరు, బామ్మ వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు రోజైనా ఒక్కోసారి పోయేసరికే తీసి ఉంటాయట. అలాంటి రోజు వెనక్కి వచ్చేస్తారు, అంతే.

చెట్టు కింద బస్సు తిప్పేటప్పుడు అద్దంలో ఆ వసారా కనబడుతుంది. ఇన్నేళ్ళూ అటు చూడకుండా తిప్పేవాణ్ణి. ఇప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపుతాను. ముందు సీట్లోంచి బామ్మ, "ఊపింది, చూశావా" అంటుంది. చూశానని నేను ఎప్పుడూ అనలేదు. లేదని కూడా అనలేదు.